కంచె పక్కకు నెట్టిన దారి

ఈ సర్వే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు మొట్టమొదట యంత్రాల గురించే అడుగుతారు. ఉపగ్రహాలతో భూమి కొలిచే రోవర్లలో ఏది మంచిది, ఏ యాప్‌లో పటం తొందరగా వస్తుంది, డ్రోన్ ఎగరేయాలంటే ఎవరి అనుమతి కావాలి. అన్నీ చెబుతాను. టీ తాగించి మరీ చెబుతాను. వాళ్ళు లేచి వెళ్ళబోయే ముందు మాత్రం నేనొకటి అడుగుతాను: "నువ్వు గీసిన గీత లోపల పడ్డ మనిషి ఇంటికి ఎప్పుడైనా వెళ్ళావా?" చాలామంది నవ్వేసి చెప్పులేసుకుంటారు. ఆ నవ్వినవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

మాది మదనపల్లె. గొలుసు పట్టి భూమి కొలిచిన రోజుల్లో సర్వేయరుగా చేరి, ఉపగ్రహాలు కొలిచే రోజుల్లో రిటైరయ్యాను. ఊళ్ళలో నా పేరు తెలిసినవాళ్ళు తక్కువ. "సర్వేయర్ సాయిబు" అంటే చాలు, ఏ టీకొట్టు దగ్గర కూర్చున్నానో చెప్పేవాళ్ళు. ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. వాటి గురించి మా ఆవిడ ఒక్కతే ఆసక్తిగా వినేది, ఇప్పుడు ఆమె కూడా మానేసింది.

చివరి కొన్నేళ్ళు నన్ను ఒక సంరక్షణ ప్రాజెక్టుకు పంపారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు కొండల్లో మిగిలిన అడవిని, ఆ అడవి ముక్కల మధ్య జంతువులు తిరిగే దారుల్ని ఒక హద్దు లోపలికి తెచ్చి కాపాడటం ఆ ప్రాజెక్టు పని. ఆ హద్దు ఎక్కడ నడవాలి, ఏ సర్వే నంబరు లోపల ఉండాలి, ఏది బయట ఉండాలి అని చూసి చెప్పడం మా జట్టు పని. హద్దు లోపల పడ్డ పట్టా భూమి రైతు దగ్గరే ఉంటుంది. ఉన్న పంట వేసుకోవచ్చు. కొత్తగా కట్టడం మాత్రం కట్టకూడదు, బండ కొట్టకూడదు, కంచె వేయకూడదు. కాగితం మీద ఇది ఒక్క పేరా. రైతుకు మాత్రం తన భూమిలో తన చేతులు సగం కట్టేసినట్టే. అది మరిచిపోయిన రోజున ఈ పని చేయడానికి మనం పనికిరాం.

మే నెల ఫోటో

మొదటి పాఠం మదనపల్లె దగ్గరే నేర్చుకున్నాను, హార్స్లీ హిల్స్ కింది ఊళ్ళలో. అప్పటి మా అధికారికి ఉపగ్రహం ఫోటోలంటే ప్రాణం. పొలం గట్టు మీద నడిస్తే ప్యాంటుకు పల్లేరుకాయలు అంటుకుంటాయని ఆయన బాధ. ఆయన దగ్గర మే నెలలో తీసిన ఫోటో ఉంది. అందులో కొండ వాలు పొడవునా నేల ఎర్రగా, అక్కడక్కడా పొదలతో కనిపించింది. ఆయన దాన్నంతా "సాగులో లేని బీడు" అని రాసి, ఒక్క గీతతో హద్దు లోపలికి లాగేశాడు.

అవి ఉలవ చేన్లు. ఆ వాలులో వానాకాలం చివర్లో ఉలవలు చల్లుతారు. కోత అయ్యాక మళ్ళీ వాన వచ్చేదాకా ఆ నేలను గొర్రెలకు వదిలేస్తారు. మే నెలలో అక్కడ పచ్చగా ఏముంటుంది? గ్రామసభ పెట్టి పటం గోడకు తగిలించాం. వెనక వరసలో నిలబడ్డ ఒక పెద్దాయన దాన్ని చాలాసేపు చూసి, మా అధికారినే అడిగాడు.

"సార్, తిరపతికి పోయి గుండు కొట్టించుకోని వచ్చిన మర్నాడు మీ ఫోటో తీసి, ఈ మనిసికి ఎంటికలే మొలవవని రాస్తే ఒప్పుకుంటారా?"

సభంతా పకపకా నవ్వింది. మా అధికారి నవ్వలేదు. అయినా ఆయన మీద నాకు గౌరవం ఉంది, ఎందుకంటే మర్నాడే బూట్లేసుకుని చేన్లోకి వచ్చాడు. మట్టిలో ఉలవ మోళ్ళు చూపిస్తే గీత చెరిపేశాడు. తప్పు చేసే అధికారులను చాలామందిని చూశాను. చెరిపే అధికారులు అంతమంది లేరు. ఆ తర్వాత నేను ఏ భూమి గురించీ ఒక్క కాలంలో చూసి రాయలేదు. ఒక వానా ఒక ఎండా చూడనిదే సంతకం పెట్టనని మొండికేసేవాణ్ణి. దానికి నాకు "లేటు సాయిబు" అని ఇంకో పేరు వచ్చింది.

పక్కవాడి చేను

రెండో పాఠం పుంగనూరు వైపు. అక్కడ గుట్టల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. ఏ దారిన దిగుతున్నాయో తెలుసుకుందామని బడి వరండాలో జనాన్ని కూర్చోబెట్టి అడిగాను.

"ఎలుగు యాడ తిరుగుతాదప్పా?"

"మా చేన్లోకి రాదు సార్. అద్దో, రెడ్డెప్ప తోటలోకి పోతాది," అన్నాడు ముందున్న రైతు.

రెడ్డెప్ప అక్కడే ఉన్నాడు. "నా తోటలో యాముండాదని వస్తాది? వీళ్ళ సీతాఫలం చెట్ల కిందనే పండుకోనుంటాది," అని ఎదురు తిరిగాడు.

అరగంటలో ఆ ఒక్క ఎలుగు ఊరందరి పొలాలూ తిరిగొచ్చింది, చెప్పినవాడి పొలం తప్ప. హద్దు లోపల పడతామనే భయంతో ప్రతి వేలూ పక్కవాడి వైపే చూపించింది. అది అబద్ధాలాడే గుణం కాదు, భూమిని కాపాడుకునే గుణం. నేనైనా అదే చేసేవాణ్ణి.

అప్పుడు మాతో ఒక పాత రేంజరు పనిచేసేవాడు. నాకు దొరికిన మంచి బాసుల్లో ఆయనొకడు. సభ అయ్యాక జీపు దగ్గర నిలబడి, "సాయిబూ, మనిషి ఏం చెప్పినాడో అది ఒక్కటే వింటే సాలదు. అట్లా చెప్తే ఆయనకు ఏం మిగులుతాది, ఏం పోతాది, అది కూడా ఇనాల," అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. మాట్లాడని మనిషి విషయంలోనూ అంతే చేయాలట. ఆ రెండో మాట నాకు కుప్పం వెళ్ళేదాకా అర్థం కాలేదు.

సుగుణమ్మ చేను

కుప్పం దాటి తమిళనాడు వైపు కొండల అంచున ఒక ఊరు ఉంది. అక్కడికి ఏనుగులు వస్తాయి. కొండ దిగి, చేన్ల మధ్యగా నడిచి, ఊరవతలి కుంటలో నీళ్ళు తాగి, అవతలి అడవిలోకి వెళ్ళిపోతాయి. ఆ దారి మూసుకుపోతే అవి ఊళ్ళోంచి నడుస్తాయి. అప్పుడు మనుషులూ చస్తారు, ఏనుగులూ చస్తాయి. కాబట్టి ఆ దారి ఏ చేన్లోంచి పోతోందో ఆ చేను హద్దు లోపలికి రావాల్సిందే. ఇందులో నాకు అప్పుడూ సందేహం లేదు, ఇప్పుడూ లేదు.

మేం వెళ్ళినప్పుడు అడుగుజాడలు సుగుణమ్మ చేన్లో ఉన్నాయి. నలభై దాటిన మనిషి. మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు పెంచుతుంది. మా జట్టులో జంతుశాస్త్రం చదివిన మాధవి ఉండేది, పుంగనూరు అమ్మాయి, పనిలో రాక్షసి. ఇద్దరం చేను చూశాం. మల్బరీ కొమ్మలు విరిగి ఉన్నాయి, పళ్ళెమంత అడుగులు, తాజా లద్దెలు. ఇంతకంటే రుజువు అక్కర్లేదని చిత్తు పటంలో ఆ చేను లోపలికి వేసుకున్నాం. అప్పటికి ఉన్న రుజువుకు అది సరైన పనే.

తర్వాత సుగుణమ్మ ఇంటికి వెళ్ళాం. ముందు గదిలో నేల నుంచి కప్పు దాకా పురుగుల తట్టలు. మనుషులు పడుకునేది వసారాలో.

"ఇంట్లో మేమే అద్దెకుండినట్టుండాదన్నా. ఇల్లు పురుగులది," అని నవ్వింది. ఆమె భర్త వెంకటప్ప తెల్లారకముందే రైలెక్కి బెంగుళూరు వెళ్ళి ఏదో అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూర్చుంటాడు. చేన్లో పురుగుల షెడ్డు కట్టుకుంటే రెండింతలు పెంచొచ్చు. అప్పుడు ఆయన రైలెక్కే పని ఉండదు.

"ఆయన ఎవురిండ్లకో కాపలా కాస్తాండాడు. షెడ్డు లేస్తే మా ఇంటికి మా మనిసి వస్తాడు," అంది.

చేన్లో షెడ్డుకు నాలుగు మూలలా రాళ్ళు పాతి పురితాడు కట్టి పెట్టుకుంది. ఏనుగు ఆ పురిని కూడా తెంపేసింది. మేం వెళ్ళేసరికి మళ్ళీ ముడేసి ఉంది. హద్దు లోపల పడితే ఆ షెడ్డు లేవదు. ఆ మాట ఆమెకు చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఏనుగులు వస్తాండాయి నిజమే గదన్నా," అని తట్టలో ఆకు వేయసాగింది. 

ఏనుగుకు సర్వే నంబరు తెలియదు

హద్దు రాళ్ళ కోసం కొలతలు తీయాలి కదా, రోవర్ పట్టుకుని ఏనుగుల అడుగుల మీదుగానే నడిచాను. కుప్పంలో బసకు వచ్చి ఆ దారిని సర్వే పటం మీద వేసి చూశాను. 

కొండ దిగినప్పుడు ఆ దారి జంతువు నడిచే దారిలాగే ఉంది, కాస్త వంకరగా, కాస్త వాలుగా. సుగుణమ్మ చేను మొదట్లోకి రాగానే గోడ తగిలినట్టు పక్కకు తిరిగింది. అక్కణ్ణుంచి సర్వే గీత వెంబడి తిన్నగా నడిచి, గీత అయిపోయిన మూల దగ్గర మళ్ళీ తిరిగి కుంట వైపు పోయింది. జీవితమంతా హద్దులు కొలిచినవాణ్ణి. హద్దు వెంబడి నడిచేది మనుషులే. ఏ జంతువూ సర్వే నంబరు చూసుకుని మలుపు తిరగదు.

ఆ గీతకు ఇవతల సుగుణమ్మ చేను. అవతల మునిరత్నం మామిడి తోట. మునిరత్నం ఆ ఊరివాడే, గ్రానైటు పాలిషింగ్ వ్యాపారంలో పైకొచ్చి ఎక్కువగా బెంగుళూరులో ఉంటాడు. రెండు మూడేళ్ళ కిందట మామిడి మొక్కలు పెట్టి, తోట చుట్టూ సోలారు కంచె వేశాడు. ముట్టుకుంటే ఝల్లుమంటుంది, ఏనుగు వెనక్కి తగ్గుతుంది.

అంటే మేం చూసింది నిజమైన అడుగులే. దారి మాత్రం కంచె పక్కకు నెట్టినది.

మర్నాడే సుగుణమ్మ దగ్గరికి వెళ్ళాను. "కంచె వేయకముందు ఏనుగులు యాడ పోయేవమ్మా?" అని అడిగాను.

ఆమె నా వైపు చూడలేదు. "నాకేం తెలుసన్నా. వస్తాయి, పోతాయి," అంది. అంతవరకూ అంత బాగా మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి నోరు మూసేసింది. కోపం వచ్చింది నాకు. నీ భూమి కోసమే కదా అడుగుతున్నాను అనబోయాను. అప్పుడు కనిపించింది, కంచె కింద నుంచి ఆమె మల్బరీలోకి వచ్చిన నల్ల పైపు. ఆమె బోరు ఎండాకాలం ఎండిపోతుంది. ఆ నాలుగు నెలలూ మునిరత్నం బోరు నుంచి రోజు మార్చి రోజు నీళ్ళు వదులుతారు. ఆయన మీద ఒక్క మాట చెబితే ఆ పైపు ఉండదు. పైపు లేకపోతే మల్బరీ ఉండదు. షెడ్డు లేస్తే మాత్రం అందులో పురుగులకు ఏం పెడుతుంది?

రేంజరు చెప్పిన రెండో మాట అప్పుడు అర్థమైంది. అక్కడే నిలబడి ఒక నిర్ణయానికి వచ్చాను. ఆమె నోట ఒక్క మాట కూడా చెప్పించకుండా ఇది నిరూపించాలి. ఆమె చేనూ మిగలాలి, నీళ్ళూ మిగలాలి.

మాధవిని తీసుకుని మునిరత్నం తోటలోకి వెళ్ళాం. తోట మేస్త్రీ దగ్గరుండి చూపించాడు. కొండ వైపు నుంచి కుంట వైపుకు ఒక రాతి పట్టె ఉంది, మామిడి పెట్టడానికి వీల్లేక వదిలేసిన జాగా. దాని మధ్యలో ఒక పెద్ద రాతి గుండు. నా తల కంటే ఎత్తులో ఆ గుండు ఒక పక్క నున్నగా అరిగి ఉంది, పాత బురద పొరలు పొరలుగా ఎండిపోయి ఉంది. ఏనుగులు ఏళ్ళ తరబడి ఒళ్ళు రుద్దుకున్న చోటు అది. మాధవి దాన్ని చూసి ఊరుకోలేదు. వంగి నేల చూసుకుంటూ పట్టె పొడవునా నడిచింది.

"సార్, ఇట్లా రండి. ఎలగ మొక్కలు చూడండి," అని కేకేసింది.

ఏనుగు వెలగపండు మింగేస్తుంది. గింజలు లద్దెలో పడి మొలుస్తాయి. ఆ రాతి పట్టెలో నడుమెత్తు వెలగ మొక్కలు వరసగా ఉన్నాయి, కొండ నుంచి కుంట దాకా. చిన్నవి ఒక్కటీ లేదు. సుగుణమ్మ చేను గట్టు మీద ఉన్నవన్నీ బెత్తెడు మొలకలు, పెద్దవి ఒక్కటీ లేదు. "ఆడ మొలవడం ఆగిపోయినప్పుడే ఈడ మొదలైంది సార్," అంది మాధవి. మేస్త్రీ ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆమెను అడగొద్దు

మా ప్రాజెక్టు డైరెక్టరు చెడ్డవాడు కాదు. ఆయనకు ఉన్న జబ్బు గడువు. పెద్ద కమిటీకి పటం పంపాల్సిన తేదీ దగ్గరపడింది. నేను చెప్పిందంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"సాయిబు గారూ, తాజా అడుగులు ఆమె చేన్లో ఉన్నాయి. వెలగ మొక్కలు పట్టుకుని నేను కమిటీ ముందు ఏం వాదించను?"

"మనం కాపాడేది ఏనుగు దారినా సార్, మునిరత్నం కంచెనా?"

"మీరు రిటైరయ్యే ముందు నన్ను రిటైర్ చేసేలా ఉన్నారు," అన్నాడు. అన్నాడే గానీ, ఇరుపక్షాలనూ పిలిచి ఆ చేను దగ్గరే విచారణ పెట్టడానికి ఒప్పుకున్నాడు.

మునిరత్నం బెంగుళూరు నుంచి కారులో వచ్చాడు. మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించి మాట్లాడాడు. "నేనేమన్నా దొంగతనంగా వేసినానా సాయిబూ కంచె? మొక్కలు తొక్కేస్తాంటే వేసుకుంటి," అన్నాడు. నిజమే, అప్పటికి అక్కడ కంచె వేయకూడదనే నియమం ఏదీ లేదు. ఆయన తప్పు చేశాడని నేను ఎప్పుడూ రాయలేదు. మీరూ రాయకండి. ఎవరిది తప్పు అని తేల్చడం మన పని కాదు. దారి ఎక్కడుందో తేల్చడం మన పని.

వాదన కాసేపు నడిచింది. డైరెక్టరు విసిగిపోయి, జనంలో వెనక నిలబడ్డ సుగుణమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వే చెప్పు. కంచె రాకముందు ఏనుగులు ఎక్కణ్ణుంచి పోయేవి?"

మునిరత్నం కూడా ఆమె వైపే చూశాడు. ఆమె కొంగు చేతికి చుట్టుకుంటోంది. ఎవరికీ కనబడని ఆ నల్ల పైపు నాకు కనబడుతూనే ఉంది.

నేను లేచి నిలబడ్డాను. "సార్, ఆమెను అడగొద్దు." గొంతు కాస్త పెద్దగానే వచ్చింది. "ఆమె భూమి సంగతి తేల్చడానికి వచ్చి ఆమెనే సాక్షిగా నిలబెట్టడం న్యాయం కాదు. మునిరత్నం గారిని కూడా అడగొద్దు. రాగులు పాలు పట్టే కాలం వస్తోంది. ఏనుగులు తప్పకుండా దిగుతాయి. రాతి పట్టె దగ్గర కొండ వైపూ కుంట వైపూ కంచె తీసి పెడదాం. ఈ రెండు చేన్లలో దేన్నుంచి పోవాలో అవే చూసుకుంటాయి."

డైరెక్టరు ఏదో అనబోయాడు. మునిరత్నమే ముందు నవ్వాడు. ఊరంతా చూస్తుండగా వెనక్కి తగ్గే రకం కాదు ఆయన. "తీసుకోండి సార్. నా తోటలో వాటికి ఏం పని? రానే రావు," అన్నాడు. ఆ మాట పట్టుకుని అక్కడికక్కడే మేస్త్రీ చేత కంచె గుంజలు పీకించాను. పెద్దమనుషుల మాట చల్లారకముందే పని మొదలుపెట్టించాలి, ఇది కూడా ఉద్యోగంలో భాగమే.

రాగులు పాలు పట్టినప్పుడు

ఇంకో చిక్కుంది. ఏనుగు దిగిందంటే ఊళ్ళో టపాసులు పేలుస్తారు, టైర్లు కాలుస్తారు. బెదిరిన ఏనుగు ఎటు పరిగెత్తినా అది దాని దారి కాదు. అందుకని నేనూ మాధవీ ఇల్లిల్లూ తిరిగాం, ఈ ఒక్క పంటకు టపాసులు ముట్టించొద్దని. రాగి చేను ఉన్నవాళ్ళు ఒప్పుకుంటారా? "మా కంకులు ఏనుగుకు పెట్టి, మేం మీ పటం తినాల్నా?" అని ఒకామె తలుపేసుకుంది. నష్టం జరిగితే పరిహారం కాగితాలు మేమే రాస్తాం, మేమే వెంటపడతాం అని మాటిచ్చాం. ఎక్కే గడప దిగే గడపగా తిరిగితే చివరికి ఒప్పుకున్నారు.

సుగుణమ్మ మాత్రం అడక్కముందే ఒప్పుకుంది. ఆమెకు టపాసులంటే వేరే భయం. పట్టుపురుగుకు పొగ పడదు. పొగ తగిలితే మేత ఆపేస్తుంది. నాలుగో జ్వరం దాటిన పురుగు, అంటే నాలుగోసారి కుబుసం విడిచిన పురుగు, గూడు కట్టేముందు వారం రోజులు రాత్రీపగలూ ఆకు తినాలి. అప్పుడు మేత ఆపిందంటే పంట పోయినట్టే. అంతకు ముందు ఏడాది అలాగే ఒక పంట పారబోసిందట.

కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. డైరెక్టరు రోజూ ఫోను చేసేవాడు. "దిగినాయా?" "దిగలేదు సార్." ఆ తర్వాత ఒక పొద్దున వెళ్ళేసరికి అడుగులు కనిపించాయి. సుగుణమ్మ చేన్లో. తీసిన కంచె సందు వైపు అవి చూడనైనా లేదు. పాత కంచె గీత వెంబడే నడిచి, మల్బరీ వరస తొక్కి, కుంటకు వెళ్ళిపోయాయి. షెడ్డు పురి మళ్ళీ తెగింది. సుగుణమ్మ గట్టు మీద నుంచి నన్ను ఒకసారి చూసి, తెగిన పురి ముడేయడానికి వంగింది. తిట్టినా బాగుండేది.  ఎవరో నాకు చెప్పి చేయించిన పని కాదు అది, నా అంతట నేను ఆమెకు ఆశ పెట్టాను.

"మూడేళ్ళు కరెంటు తిన్నాయి సార్. ఒక్కరోజులో నమ్ముతాయా? ఆగుదాం," అంది మాధవి. డైరెక్టరుకు ఫోను చేసి, ఇంకా కొన్నాళ్ళు కావాలన్నాను. "పటం వెళ్ళిపోవాలి సాయిబు గారూ," అన్నాడు. "వెళ్ళనివ్వండి సార్, ఈ రెండు నంబర్లు ఖాళీగా పెట్టి పంపండి. తప్పు పెట్టి మాత్రం పంపొద్దు," అన్నాను. ఆయన ఫోను పెట్టేశాడు. పటం మాత్రం ఆ రెండు నంబర్లూ ఖాళీగానే వెళ్ళింది. నేను బతికున్నంత కాలం ఆయన్ని పొగుడుతాను.

రెండోసారి దిగినప్పుడు వాటి అడుగులన్నీ కంచె సందు దగ్గర ముసిరాయి. అక్కడ నేలంతా మట్టి ముద్దయింది. ఎంతసేపు నిలబడ్డాయో తెలియదు. తర్వాత ఒక పెద్ద అడుగు లోపలికి పడింది. దాని వెనక మిగతావి. రాతి పట్టె మీదుగా, వెలగ మొక్కల వెంబడి, తిన్నగా కుంటకు. ఆ గుండు మీద, నా తల కంటే ఎత్తులో, తడి బురద మెరుస్తోంది. మాధవి దాని మీద చెయ్యి పెట్టి చిన్నపిల్లలా నవ్వింది. నేను రోవర్ పట్టుకుని ఆ అడుగుల మీదుగా కుంట దాకా నడిచాను. ఆ పంట కాలమంతా అవి మళ్ళీ సుగుణమ్మ చేను వైపు రాలేదు, ఒక్క మూల తప్ప.

ఆ మూల గురించి కూడా చెప్పాలి. కుంట వైపు తిరిగేచోట ఏనుగులు ఆమె చేను మూలను తొక్కుతాయి. ఆ మూలను హద్దు లోపల పెట్టాం. "అది యాలన్నా?" అని అడిగింది. "అక్కడ నిజంగా తొక్కుతున్నాయమ్మా," అన్నాను. ముఖం చిట్లించుకుంది గానీ కాదనలేదు. మునిరత్నం తోటలో రాతి పట్టె మొత్తం లోపలికి వచ్చింది, మామిడి అంతా బయటే ఉండిపోయింది. ఆయన పైవాళ్ళకు అర్జీ పెట్టుకున్నాడు. వాళ్ళు వచ్చారు, గుండు చూశారు, వెళ్ళారు. గీత మారలేదు.

హద్దు రాళ్ళు పాతిన రోజున మునిరత్నం నా పక్కన నిలబడి నల్ల పైపు వైపు గడ్డంతో చూపించాడు. "ఆ పొద్దు ఆమె ఒక్క మాట అనింటే, అది పీకేసుందును సాయిబూ," అన్నాడు. దాచుకోకుండా చెప్పినందుకు ఆయనంటే నాకు ఇష్టం పెరిగింది. పైపు ఇప్పటికీ అక్కడే ఉంది.

చివరి మాట

పిల్లలూ, మీకు మంచి యంత్రాలు ఇస్తారు. అవి ఇప్పుడు ఏముందో చూపిస్తాయి, చాలా బాగా చూపిస్తాయి. అది అలా ఎందుకు ఉందో మీరే నడిచి తెలుసుకోవాలి. బలమున్నవాడు కంచె వేస్తే, కష్టం పక్కనున్న బలం లేనివాడి చేన్లోకి జరుగుతుంది. ఆ తర్వాత మనం వెళ్ళి, కష్టం ఇక్కడుంది కాబట్టి నష్టం కూడా ఇక్కడే రాస్తాం అంటే, అంతకంటే అన్యాయం లేదు. అడవి కోసం గీత గట్టిగా గీయండి. ఒక్క అంగుళం కూడా మొహమాటానికి వదలొద్దు. కానీ ఆ గీత బరువు ఎవరి మీద పడాలో వాళ్ళ మీదే పడాలి. గడువు మీద అరిచే అధికారి అరుస్తాడు. అరవనివ్వండి, చెవులు పోవు.

నేను రిటైరైన తర్వాత ఒక పొద్దున, టమోటాలు కొనడానికి మార్కెట్‌కు బయలుదేరుతుంటే ఫోను వచ్చింది. సుగుణమ్మ. షెడ్డు లేచిందని, వెంకటప్ప బెంగుళూరు పని మానేసి ఆకు కోస్తున్నాడని అంతకు ముందే తెలుసు. ఇప్పుడెందుకు చేసిందో అనుకున్నాను.

"అన్నా, ఏనుగులు వచ్చినాయి," అంది.

"ఎటు?"

"ఆ పక్కనే, రాతి మీద. పిల్ల కూడా ఒకటుండాది. ఊర్లో ఎవురూ టపాసులు ముట్టించలేదు."

"పురుగులు?"

"నాలుగో జ్వరం లేచి మూడు దినాలు. గుండె సేతిలో పెట్టుకోని షెడ్డులోకి పోతిని." నడుస్తున్న చప్పుడు వినిపించింది. "ఉండన్నా, నువ్వే ఇను."

ఫోను తట్టల దగ్గర పెట్టినట్టుంది. మార్కెట్ సంచి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి విన్నాను. వేల పురుగులు ఆకు కొరుకుతున్న సన్నటి చప్పుడు, ఆగకుండా. కాసేపటికి ఆమె గొంతు మళ్ళీ వచ్చింది.

"మేత ఆపలేదన్నా."